నీటి మీద పరాయి ముక్క

జూలై తొమ్మిది, మంగళవారం. అంకె నాలుగు.

నాలుగు మైక్రాన్లు. ఒక తలవెంట్రుకను నిలువునా ఇరవై పొరలుగా చీల్చగలిగితే ఒక్కో పొర ఎంత ఉంటుందో, దాదాపు అంత మందం. ఆసుపత్రి పాథాలజీ ల్యాబులో కణజాలాన్ని ఆ మందానికి కోస్తారు. ఆ మంగళవారం నాడు, అంత పల్చని పొర ఒకటి ఎవరి చేతిలో తెగిందన్న సంగతి మీద ఒక మనిషి నాలుక ఆధారపడింది. ఆ చేయి ఎవరిదో తెలిసిన మనిషి సాయంత్రం దాకా నోరు విప్పలేదు. ఇది ఆమె కథ.

ల్యాబులో అందరూ ఆమెను మైనమక్క అంటారు. వయసు యాభైకి దగ్గర. ఆసుపత్రి వెనకవైపు, దుప్పట్లు ఉతికే గదికీ మందుల గోదాముకీ మధ్య ఉన్న పొడవాటి గదిలో, కిటికీ పక్క యంత్రం ఆమెది. రోగుల కంటికి కనిపించకుండా జరిగిపోయే ఆసుపత్రి పనులు ఎవరు, ఎలా చేస్తారన్నది నా అధ్యయన విషయం. దాని కోసం ఒక వానాకాలమంతా ఆ గదిలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇక్కడ ఉన్నది నేను చూసింది కొంత, తరువాత ఆమె చెప్పింది కొంత. రాయమని ఆమే అన్నది. పేరు మాత్రం వద్దన్నది.

ఆమె పని ఇది. రోగి ఒంటి నుంచి తీసిన ముక్క, కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో వస్తుంది. దానిలోని నీటిని తీసేసి, కరిగిన మైనంలో ముంచి, అగ్గిపెట్టెలో పట్టేంత దిమ్మగా గడ్డకట్టిస్తారు. ఆ దిమ్మను యంత్రానికి బిగించి చక్రం తిప్పితే, కత్తి అంచు మీదుగా మైనం పొరలు ఒకదానికొకటి అంటుకుని పల్చని రిబ్బనులా వస్తాయి. రిబ్బనును గోరువెచ్చని నీటి తొట్టి మీద పరిస్తే ముడతలు విప్పుకుంటుంది. అప్పుడు గాజుపలకను ఏటవాలుగా నీళ్ళలోకి దించి దాన్ని పైకి ఎత్తుకోవాలి. తరువాత గులాబీ, నీలం రంగులు పట్టిస్తే అది స్లైడు అవుతుంది. డాక్టరు మైక్రోస్కోపులో చూసేది దాన్నే.

ఇందులో తప్పకూడని నియమం ఒకటుంది. ఒక దిమ్మ పని ముగిసి రెండో దిమ్మ మొదలుపెట్టేలోగా, మెత్తని కాగితంతో నీటి పైభాగాన్ని తుడవాలి. లేకపోతే మొదటి రోగి కణజాలంలో కంటికి ఆనని తునక ఏదైనా నీటి మీద మిగిలిపోయి, రెండో రోగి స్లైడు మీదికి ఎక్కుతుంది. ల్యాబులో దాన్ని పరాయి ముక్క అంటారు. గాజు మీదికి ఎక్కాక అది ఎవరిదో దాని మొహం మీద రాసి ఉండదు.

మైనమక్కకు సొంత పద్ధతి మరొకటి ఉంది. చిన్న ముక్కలైతే ఒకే గాజు మీద రెండు పొరలను పక్కపక్కన, జంటగా పెడుతుంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. కుట్టు చూసి దర్జీని పోల్చుకున్నట్టు, ఆ జంటను చూసి పెద్ద డాక్టరు తన కోతను గుర్తుపడతారని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్ళూ ఆ గదిలో తలెత్తుకుని తిరిగింది.

వానలు మొదలైన వారం ఆ గదిలోకి రెండో టెక్నీషియన్ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళది. తలుపు పక్క యంత్రాన్నీ, దాని తొట్టినీ ఆమెకు ఇచ్చారు. అందరూ చిన్నమ్మాయి అని పిలవసాగారు. మైనమక్క ఇంట్లో మాత్రం ఆమె పేరు మహాతల్లి.

పుండు ఎక్కడ మొదలైందో మైనమక్కకు స్పష్టంగా గుర్తుంది. ఒకరోజు పెద్ద డాక్టరు మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే, "ఇది ఎవరి కోత?" అన్నారు. మైనమక్క చేతులు తుడుచుకుని, "నాదేనండి" అనడానికి సిద్ధపడింది. తలుపు పక్క నుంచి, "నాదండి" అని వినిపించింది. "ముడత లేదు. బాగుంది," అన్నారాయన. అంతే. ఈ సంగతి ఆమె నాకు మూడు వేర్వేరు సందర్భాల్లో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ డాక్టరు గొంతు మరికాస్త మెత్తబడుతూ వచ్చింది.

ఆ తరువాత ఆ పిల్ల చేసే ప్రతి పనీ కంట్లో నలుసే అయింది. చేతి తొడుగులను ఒక్క లాగుతో తీస్తుంది, అది గొప్ప. దిమ్మ మీది చీమతలకాయంత అంకెలను గది అవతలి నుంచి చదువుతుంది, అది ఇంకా గొప్ప. ఈ రెండోది నిజంగానే మంట పెట్టింది. ఎందుకంటే అప్పటికి కొన్ని నెలలుగా ఆ అంకెలు మైనమక్కకు దగ్గరినుంచి కూడా అలుక్కుపోయి కనిపిస్తున్నాయి.

భర్త కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడు. భార్య కళ్ళను ఆయనే పరీక్ష చేయించి, అద్దాలను తన చేత్తో అరగదీసి, గట్టి డబ్బాలో పెట్టి ఇచ్చాడు. ఆ డబ్బా ఆమె సంచిలో, గొడుగు కింద, తెచ్చినరోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఊళ్ళో వాళ్ళందరికీ చూపు ఇచ్చాను. నా పెళ్ళానికి మాత్రం ఇవ్వలేకపోయాను," అన్నాడు ఒక రాత్రి భోజనాల దగ్గర.

"నాకు బాగానే కనిపిస్తోంది."

"కనిపిస్తోందా? మొన్న మా అమ్మ ఫొటో ముందు నిలబడి జుట్టు దువ్వుకున్నావు, అద్దమనుకుని."

అత్తగారు గోడకు చేరగిలబడి వింటోంది. ఆమెకు చెవుడు ఉంది గాని తనకు కావలసిన మాటలకు లేదు. "అద్దాలు పెట్టుకుంటే ఆ మహాతల్లి ముందు ముసలిదాన్నైపోతానని భయంరా దానికి," అంది. "ఇవాళ ఏం చేసిందే అమ్మాయ్, మీ మహాతల్లి?"

"ఏం చేస్తుంది, డాక్టరు గారిని ప్రశ్నలు అడుగుతోంది."

"అడిగితే?"

"ఆయన చెప్తున్నారు."

"చెప్పకూడదా?"

మైనమక్క కంచం తీసుకుని లేచింది. ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగితే తెలియదనుకుంటారని ఊరుకుంది. ఇప్పుడొచ్చిన పిల్ల టీ తాగుతూ, స్టూలు మీద కాళ్ళు ఊపుతూ అడిగేసింది. ఆయన విసుక్కోకపోగా కప్పు కింద పెట్టి మరీ చెప్పారు.

ఆ సంభాషణ జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మైనమక్క అటు తిరిగి కత్తి తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది.

"దెబ్బకీ కంతికీ తేడా ఏమిటండి? రెండూ వాపే కదా?" అని చిన్నమ్మాయి అడిగింది.

"కాదమ్మా. కణానికి దెబ్బ తగిలిందనుకో. మొదట నీళ్ళు తాగి ఉబ్బుతుంది. దెబ్బ అక్కడితో ఆగితే మళ్ళీ మామూలైపోతుంది. ఆగకుండా తగులుతూనే ఉంటే ఒక హద్దు దాటాక చచ్చిపోతుంది. అప్పుడు ఒళ్ళు ఊరుకోదు. చుట్టుపక్కల రక్తనాళాలు తలుపులు బార్లా తీస్తాయి. నీరు దిగుతుంది, తెల్లకణాలు దిగుతాయి, చచ్చినవాటిని ఊడ్చిపోస్తాయి. బయటికి మనకు కనిపించేది ఎరుపు, వేడి, వాపు, నొప్పి. చూడ్డానికి రోగంలా ఉంటుంది గానీ అది మరమ్మతు."

"మరమ్మతు ఎప్పటికీ అవ్వకపోతే?"

"మరమ్మతుకి వచ్చినవాళ్ళు అక్కడే కాపురం పెడతారు. పక్కన మచ్చ కడుతుంది. పైపొర మందమౌతుంది, అవసరానికి మించి కణాలు పుడతాయి. అయినా అవి మాట వింటాయి. రాపిడి తీసేస్తే పుట్టడం ఆపేస్తాయి. కొన్నిచోట్ల వరస తప్పడం మొదలౌతుంది, వాటిని కనిపెట్టుకుని ఉండాలి. క్యాన్సరన్నది ఎవరి మాటా వినదు. దెబ్బ తీసేసినా పెరుగుతుంది. వరస ఉండదు, హద్దు ఉండదు. కింది పొరలోకి దిగబడిపోతుంది."

"చూడగానే తెలిసిపోతుందా?"

"చాలాసార్లు తెలుస్తుంది. కోత సరిగ్గా ఉంటే," అన్నారాయన, కప్పు అందుకుంటూ. అంటూ ఎటు చూశారో నేను గమనించలేదు. మైనమక్క గమనించింది. తలుపువైపు చూశారట.

సోమవారం ఉదయం, జూలై ఎనిమిదిన, ఆయన తన గదిలోకి పోతూ గుమ్మంలో ఆగి, "చిన్న బయాప్సీలు ఇకనుంచి చిన్నమ్మాయికి ఇవ్వండమ్మా. మీరు పెద్దవి చూసుకోండి," అని మైనమక్కతో అన్నారు.

ఆయన దృష్టిలో అది పని పంపకం. బియ్యపు గింజంత ముక్కలను ఇన్నాళ్ళూ ఆ గదిలో ఎవరికీ ఇవ్వని మనిషికి మాత్రం, నలుగురిలో చేతిలోని పళ్ళెం లాక్కున్నట్టయింది. "అలాగేనండి," అంది. చిన్నమ్మాయి కడుపు ముక్కల పెట్టె తీసుకుని తన యంత్రం దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి కౌంటరు నుంచి పిలుపు వస్తే బయటికి వెళ్ళింది. ఆ పిల్ల బల్ల మీద ఒక చిన్న దిమ్మ మిగిలి ఉంది.

మైనమక్క ఆ దిమ్మను తీసుకుంది. తీసుకుని తన యంత్రానికి బిగించింది.

"కోసి డాక్టరు గారి బల్ల మీద పెడదామనుకున్నాను. ఆయన బాగుందంటారు కదా, అప్పుడు నాదండి అని చెబ్దామనుకున్నాను," అని ఆమె నాతో అన్నది. అంతకుముందే ఆమె ఒక పెద్ద దిమ్మ కోసి ఉంది. అది ఎవరిదో బుగ్గ లోపలి క్యాన్సరు. చిన్నమ్మాయి వచ్చేలోగా పని ముగించాలన్న తొందరలో ఆమె నీటిని తుడవలేదు. తుడిచాననే అనుకుంది. కళ్ళద్దాలు ఉంటే నీటి మీద తెల్లటి తునక కనిపించేదే. అద్దాలు గొడుగు కింద ఉన్నాయి. రెండు పొరలు జంటగా ఎత్తి గాజు మీద పెట్టింది. రెండోదాని మూల ముడతపడింది. చక్రం అంత వేగంగా ఆమె ఎన్నడూ తిప్పి ఉండదు.

చిన్నమ్మాయి తిరిగి వచ్చి ఖాళీ బల్లను చూసింది. "నాలుక ముక్క మీరు చేసేశారా అక్కా?" అంది.

"నీ చేతులు ఖాళీ లేవు కదా."

"థాంక్స్ అక్కా," అంది ఆ పిల్ల. అందులో వెటకారం ఏమైనా ఉందా అని మైనమక్క ఆ రోజంతా వెతికింది. లేదు. అదీ కోపమే తెప్పించింది.

ఆ నాలుక కూరగాయల మార్కెట్లో వేలం పాడే మనిషిది. నలభై ఐదేళ్ళ బక్కపలచటి మనిషి. లారీ దిగిన సరుకు ముందు నిలబడి తెల్లవారుజాము నుంచి ధరలు పాడటమే ఆయన వృత్తి. విరిగిన పన్ను ఒకటి నాలుక పక్కను రాసుకుంటూ ఉండేది. పట్టించుకోలేదు. అక్కడ పుండు పడి, మానక, చుట్టూ గట్టిపడింది. సర్జన్ చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపి, గురువారానికి ఆపరేషను పట్టికలో పేరు వేయించాడు. రిపోర్టు చెడుగా వస్తే నాలుకలో ఆ పక్క సగం తీసేస్తారు. మంచిగా వస్తే పన్ను పీకితే సరిపోతుంది.

మంగళవారం చిన్నమ్మాయి సెలవులో ఉంది. ఏదో పరీక్ష రాయడానికి వెళ్ళింది. మధ్యాహ్నం పెద్ద డాక్టరు మైనమక్కను తన గదిలోకి పిలిచారు. రెండు తలల మైక్రోస్కోపులో ఆమెనూ చూడమన్నారు.

"ఇదిగో పుండు. చచ్చిన కణాలు, చీము, కింద పాతబడిన వాపు. పక్కన పైపొర మందమైంది, కానీ వరసలోనే ఉంది. ఇంతవరకూ పన్ను రాపిడి అని చెప్పేయొచ్చు. ఇప్పుడు ఈ అంచున చూడండి."

ఆమె చూసింది. పుండు అంచుకు ఆనుకుని చిన్న దీవిలా ఒక తునక. నల్లటి పెద్ద కేంద్రకాలు, అడ్డదిడ్డంగా.

"క్యాన్సరేనండి."

"అవును. రెండో పొరలోనూ ఉందేమో చూద్దామంటే సరిగ్గా ఆ మూలే ముడతపడింది. చిన్నమ్మాయి కోతలో ముడత ఎప్పుడూ చూడలేదు," అన్నారాయన. "పరాయి ముక్కేమోనని అనుమానం వచ్చింది. పొద్దున బుగ్గ క్యాన్సరు చూశానే, అచ్చం ఇలాంటి కణాలే. కానీ అది మీ తొట్టిలో తేలింది, ఇది ఆ పిల్ల తొట్టిలో. ఆ పిల్ల నిన్న కోసినవన్నీ కడుపు ముక్కలు. వాటిలో ఈ రకం కణాలు ఉండవు. కాబట్టి ఇది ఇతనిదే. దిమ్మలో మిగిలింది కూడా ఎంతో లేదు, మళ్ళీ కోసి పోగొట్టుకోవడం దేనికి. సాయంత్రం సంతకం చేస్తాను."

మైనమక్క కంటి గొట్టం మీదనుంచి మొహం ఎత్తలేదు. ఆమె కళ్ళ ముందు జంటగా ఉన్నాయి పొరలు. తన జంట. ఇన్నేళ్ళుగా ఆయన గుర్తుపడుతున్నారనుకున్న జంట. ఆయన దాన్ని చూస్తూనే చిన్నమ్మాయి కోత అన్నారు.

ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు తాను ముందుగా ఆలోచించింది వేలం మనిషి నాలుక గురించి కాదని ఆమె నాతో దాచకుండా చెప్పింది. "ఆయన ఎప్పుడూ చూడనేలేదు. అదే తలచుకుంటూ నడిచాను. నాలుక సంగతి నడవా చివర గుర్తొచ్చింది," అన్నది.

గుర్తొచ్చాక అన్నీ వరసగా వచ్చాయి. చెప్పాలంటే మూడు చెప్పాలి. మరొకరికి ఇమ్మన్న పనిని తాను లాక్కుంది. నీరు తుడవలేదు. తనకు కళ్ళు ఆనడం లేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చెప్పినా కిటికీ పక్క యంత్రం ఆ పిల్లదైపోతుందని ఆమెకు అనిపించింది. చెప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. పైగా ఆ తునక నిజంగా ఆ మనిషిదే కావచ్చు. కావచ్చు అని తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. చెప్పుకుంటూ నీటి తొట్టి తుడిచింది, నీళ్ళు మార్చింది, మళ్ళీ తుడిచింది.

నాలుగు గంటలప్పుడు కౌంటరు దగ్గర గుమాస్తా లేడు. ఎవరో కిటికీ తడితే మైనమక్కే వెళ్ళింది. వేలం మనిషి నిలబడి ఉన్నాడు. దవడను ఒక చేత్తో పట్టుకుని, మాటను ఒక పక్కనుంచి నెడుతున్నాడు.

"నాలుక ముక్క రిపోర్టు అయిందా అమ్మా?"

"సాయంత్రం వస్తుందండి."

"మంచిదో చెడ్డదో కాస్త చెవిలో వేయకూడదా? నేను ఎవరికీ చెప్పను. చెబుదామన్నా నోరు తిరగటం లేదు."

ఆమె నవ్వలేదు. ఆయన కిటికీ చెక్క మీద మోచేయి ఆనించాడు.

"గురువారం నుంచి మార్కెట్లో వేలం మా తమ్ముడు పాడతాడంట నా బదులు. వాడి పాట విన్నారా మీరు? క్యాబేజీలు కూడా నిద్రపోతాయి."

"మరి ఇంకేం, మీరు తిరిగొచ్చేదాకా నెట్టుకొస్తాడు."

"అదే కదమ్మా నా భయం. నిన్న నా ఎదురుగానే పాడాడు. బాగానే పాడాడు." ఆయన దవడను గట్టిగా నొక్కుకున్నాడు. "లారీవాళ్ళు వాడి భుజం తట్టారు. నాకు పుండు నాలుక మీద కదా ఉంది, మంట ఇక్కడ పుట్టింది," అని గుండె చూపించాడు. "సొంత తమ్ముడమ్మా. వాడికి గొంతు పోతే బాగుండనిపించింది. ఇంటికెళ్ళి నా మొహం నేను చూసుకోలేకపోయాను. ఈ మాట మా ఆవిడకి కూడా చెప్పలేదు, మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలీదు కాబట్టి."

"ఇక్కడ కూర్చోండి," అంది మైనమక్క. "ఎటూ వెళ్ళకండి."

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి, సంచిలో గొడుగు పక్కకు తీసి, డబ్బా తెరిచి కళ్ళద్దాలు పెట్టుకుంది. అలాగే డాక్టరు గది తలుపు తోసింది. ఆయన కలం తీసి ఉన్నారు.

"ఆ నాలుక ముక్క చిన్నమ్మాయి కోయలేదండి. నేను కోశాను."

"మీరా? ఆ పిల్లకి ఇమ్మన్నాను కదా?"

"ఇమ్మన్నారు. ఇవ్వలేదు. బుగ్గ దిమ్మ అయ్యాక వెంటనే నా తొట్టిలోనే తీశాను. మధ్యలో నీళ్ళు తుడిచిన గుర్తు లేదు. తుడవలేదనే చెప్పాలి. తునక ఉన్నా నాకు కనిపించదు. అద్దాలు ఇవాళే పెట్టుకున్నాను."

ఆయన కలానికి మూత పెట్టారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని ఆమె తరువాత నాతో అన్నది. "మధ్యాహ్నం నా పక్కన కూర్చుని చూశారు మీరు. అప్పుడు తెలుసా మీకు?"

"తెలుసండి."

"ఆ పిల్ల మీద కోపంతో అతని నాలుక పోయేది."

"పోయేదండి."

"దిమ్మలో మిగిలిన కాస్తా జాగ్రత్తగా లోపలికి కోసి చూడాలి. దిమ్మ పైముఖాన్ని కత్తికి సరిచేసేటప్పుడు ఒక్క చుట్టు ఎక్కువ తిరిగితే ముక్క అయిపోతుంది. ఎవరు కోస్తారు?"

తప్పు ఒప్పుకోవడంకంటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఆమెకు కష్టమైందట. "రేపు చిన్నమ్మాయి వస్తుంది," అంది. "ఆవిడ చేత కోయించండి. ఆవిడ కళ్ళు మంచివి."

బయట కూర్చున్న మనిషికి రిపోర్టు రేపటికి మారిందని చెప్పి పంపించింది. ఎందుకని ఆయన అడిగితే, "నా తప్పు వల్ల మళ్ళీ చూడాల్సి వచ్చింది," అని చెప్పింది. ఆయన ఆమె మొహంలోకి చూసి, "అయితే మంచి తప్పే అయ్యుండాలి," అని దవడ పట్టుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం చిన్నమ్మాయి కోసింది. మైనమక్క తన యంత్రం దగ్గర పెద్ద దిమ్మ ఒకటి బిగించుకుని, చక్రం తిప్పకుండా కూర్చుంది. ఆ పిల్ల ముందుగా నీళ్ళు మార్చింది. కత్తి మార్చింది. ఊపిరి బిగబట్టి చక్రాన్ని నెమ్మదిగా తిప్పింది. అది ఎంత బాగా చేస్తోందో ఇప్పుడు అద్దాల్లోంచి స్పష్టంగా కనిపిస్తోంది. ఆ దృశ్యం మైనమక్కకు ఏమీ హాయిగా లేదు. ఆ పిల్ల ఏమైనా అంటుందేమోనని ఎదురుచూసింది. డాక్టరు సంగతంతా చెప్పి ఉంటారు. చిన్నమ్మాయి ఒకటే అడిగింది: "ఇంకో రెండు చుట్లు తిప్పొచ్చా అక్కా, ఆపేయాలా?"

మైనమక్క లేచి వచ్చి దిమ్మ మీదికి వంగి చూసింది. "ఒక్కటి. ఆ తరువాత ఆపేయ్."

లోపలి పొరల్లో ఎక్కడా ఆ దీవి లేదు. పుండు ఉంది, పాతబడిన వాపు ఉంది, మందమైనా వరస తప్పని పైపొర ఉంది. మొదటి స్లైడులోని తునక బుగ్గ దిమ్మ నుంచి వచ్చిన పరాయి ముక్క అని డాక్టరు తేల్చారు. రాపిడి వల్ల పడిన పుండు, క్యాన్సరు లక్షణాలు లేవు, పన్ను తీసి మళ్ళీ చూడాలి అని రాసి సంతకం చేశారు. గురువారం పట్టికలోంచి వేలం మనిషి పేరు తీసేశారు. అదేరోజు పళ్ళ డాక్టరు ఆ విరిగిన పన్ను పీకేశాడు.

ఇంట్లో అత్తగారు కోడలి మొహం మీది అద్దాలను చూసి, "మొత్తానికి పెట్టుకున్నావే. ఏం కనిపించింది?" అని అడిగింది.

"మీ చీరకి చిరుగుంది."

"అది పదేళ్ళ నుంచీ ఉంది," అంది అత్తగారు. భర్త మాత్రం తల వంచుకుని అన్నం కలుపుకుంటూ చాలాసేపు నవ్వాడు.

తరువాతి వారం ఇలా గడిచింది. చిన్న బయాప్సీలన్నీ తలుపు పక్కకు వెళ్ళాయి. కిటికీ పక్క యంత్రం మైనమక్క దగ్గరే ఉండిపోయింది. గాని ఆమె కోసిన ప్రతి పెట్టెనూ చిన్నమ్మాయి ఒకసారి చూడాలని, చిన్నమ్మాయి పెట్టెలను ఆమె చూడాలని పెద్ద డాక్టరు చెప్పారు. ఇది శిక్షో పద్ధతో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. వేలం మనిషి కౌంటరు దగ్గరికి వచ్చి నాలుక బయటపెట్టి చూపించాడు. పుండు సగానికి సగం తగ్గింది. ఇంకా కొన్నాళ్ళు చూపించుకుంటూ ఉండాలన్నారట. మార్కెట్లో సగం సరుకు తాను, సగం తమ్ముడు పాడుతున్నారట. తమ్ముడి పాట ఎలా ఉందని మైనమక్క అడిగితే, "బాగానే ఉంది, ఏం చేస్తాం," అన్నాడు.

శుక్రవారం ఆమె చిన్నమ్మాయి పెట్టె తెరిచి, అద్దాలు సర్దుకుని, మొదటి స్లైడును వెలుతురుకు ఎత్తి చూసింది. పొరలు రెండు, పక్కపక్కన. రెండో స్లైడు తీసింది. అదీ జంటే. పెట్టె అంతా అలాగే ఉంది. ముందు ఆమెకు ఒళ్ళు మండింది. కోత పోయింది, డాక్టరు మెప్పు పోయింది, చివరికి ఈ పద్ధతి కూడా తీసేసుకుందన్నమాట.

"ఎప్పటినుంచి ఇలా పెడుతున్నావ్?"

"మొన్న నాలుక ముక్క నుంచి అక్కా. మీరు ఎప్పుడూ అలాగే పెడతారు కదా. వచ్చిన కొత్తలోనే చూశాను. ఎందుకో అర్థం కాలేదు. పక్కపక్కన రెండుంటే, ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో లేకపోతే పరాయిదని పట్టుకోవచ్చని ఇప్పుడు తెలిసింది. ముడత పడకుండా ఉంటే."

ఆఖరి మాట పొడుపో కాదో తేల్చుకోవడానికి మైనమక్క ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఈసారి ఉంది. కొంచెం ఉంది. అది చూశాక ఆమెకు ఎందుకో కాస్త తేలికపడింది.

స్లైడును మళ్ళీ వెలుతురుకు ఎత్తింది.

"ఈ మధ్యలో ఇంత ఖాళీ ఏమిటి? లారీ పడుతుంది," అంది. "దగ్గరగా పెట్టు. ఇలా రా, చూపిస్తాను."